రొమేనియా–హంగరీ ఉమ్మడి వారసత్వం: సరిహద్దు దాటే ప్రాజెక్టును కట్టుకునే పద్ధతి

రొమేనియా, హంగరీల మధ్య సరిహద్దు పొడవు 448 కిలోమీటర్లు. ఆ గీత మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, 1920 నాటి త్రియానోన్ ఒప్పందంతో పడింది. దానికి అటూ ఇటూ ఉన్న చర్చిలు, కోటలు, పాటలు మాత్రం అంతకంటే చాలా పాతవి. హంగరీ సంగీతకర్త బేలా బార్తోక్ 1881లో పుట్టిన సన్నికొలావ్ మారే ఇప్పుడు రొమేనియాలో ఉంది. హంగరీ జాతీయ గీతం రాసిన ఫెరెంత్స్ కొల్చెయి పుట్టిన సౌకా రొమేనియాలో ఉంటే, ఆయన సమాధి ఉన్న సత్మార్‌చెకె హంగరీలో ఉంది. అటు నుంచి చూసినా అంతే. హంగరీలోని జూలా పట్టణం అక్కడి రొమేనియన్లకు కేంద్రం. వాళ్ల ఆర్థడాక్స్ బిషప్ పీఠం, రొమేనియన్ బడి, పత్రిక అన్నీ ఆ ఊళ్లోనే ఉన్నాయి.

ఇలాంటి వారసత్వం మీద రెండు దేశాల సంస్థలు చేతులు కలిపేటప్పుడు మొదట అందరి చూపూ నిధుల మీదే ఉంటుంది. పని చెడేది మాత్రం వేరే చోట: స్థలం ఎవరి పేరున ఉందో తేలకపోవడం, అనుమతి ఆలస్యం కావడం, కట్టడం దగ్గర పెట్టే సమాచార బోర్డు మీది ఒక వాక్యం దగ్గర పేచీ రావడం, చివరి బిల్లు కట్టాక తాళం ఎవరి దగ్గర ఉండాలో ఎవరికీ తెలియకపోవడం. ఈ నాలుగూ దరఖాస్తు నింపకముందే తేల్చుకోవాలి.

ఏది నిజంగా ఉమ్మడి?

ఒక చిన్న పరీక్ష ఉంది. అవతలి దేశపు భాగస్వామిని ప్రాజెక్టులోంచి తీసేసి చూడండి. మీ పని ఏ లోటూ లేకుండా సాగిపోతుందంటే అది ఉమ్మడి ప్రాజెక్టు కాదు, ఒకే కవరులో పెట్టిన రెండు ప్రాజెక్టులు. రెండు మునిసిపాలిటీలు ఎవరి హాలు వాళ్లు బాగు చేసుకుని, చివర్లో ఒక నాట్యోత్సవం పెట్టుకోవడం ఈ కోవలోదే. మూల్యాంకనం చేసేవాళ్లు ఇలాంటివి చాలా చూసి ఉంటారు, వెంటనే పట్టేస్తారు.

నిలబడే విషయాలు వేరుగా ఉంటాయి. మధ్యయుగ చర్చిల దారినే తీసుకోండి. హంగరీలోని సబోల్చ్-సత్మార్-బెరెగ్ జిల్లా, రొమేనియాలోని సాతు మారే జిల్లా, ఉక్రెయిన్‌లోని ట్రాన్స్‌కార్పాతియా కలిసి మొదలుపెట్టిన దారి అది. రొమేనియా వైపు అకష్‌లోని రోమనెస్క్ (గుండ్రటి కమానుల మధ్యయుగ శైలి) ఇటుక చర్చి ఒక్కటే చూస్తే కథ సగమే తెలుస్తుంది. సరిహద్దు దాటి చెంగెర్‌లోని ఇటుక చర్చినీ, తాకోష్‌లో రంగులు వేసిన చెక్క పలకల పైకప్పునూ చూశాక మిగతా సగం అర్థమవుతుంది. ఆర్ట్ నూవో అనే అలంకార వాస్తు శైలి కూడా అలాంటిదే. రొమేనియాలో ఉన్న ఒరాద్యాలోని బ్లాక్ ఈగిల్ ప్యాలెస్‌ను మార్సెల్ కోమోర్, దెజో యాకబ్ జంట గీసింది, డార్వాష్–లా రోష్ ఇంటిని వాగో సోదరులు గీశారు. హంగరీలో ఉన్న సెగెద్‌లోని రెయోక్ ప్యాలెస్ ఎదె మజ్యర్ పని. 1900కు అటూ ఇటూ అదే కాలపు వాస్తుశిల్పులు, అవే కార్ఖానాల టైల్స్, అవే పగుళ్లు. పింగాణీ మరమ్మతు నేర్పే ఒకే శిక్షణ రెండు ఊళ్లకూ పనికొస్తుంది.

చట్టం కూడా ఇదే అడుగుతుంది. సరిహద్దు దాటే ప్రాజెక్టులకు ఐరోపా సమాఖ్య ఇచ్చే నిధుల కార్యక్రమం ఇంటర్‌రెగ్. దాని నియమావళి (2021/1059) ప్రకారం భాగస్వాములు ప్రాజెక్టును కలిసి రూపొందించాలి, కలిసి అమలు చేయాలి. ఇవి తప్పనిసరి. వీటితో పాటు సిబ్బందిని పంచుకోవడం, ఖర్చు పంచుకోవడం అనే రెండింటిలో కనీసం ఒకటి ఉండాలి.

భాగస్వామిని పట్టుకోవడం

రొమేనియా–హంగరీ ఇంటర్‌రెగ్ కార్యక్రమం (2021–2027) ఎనిమిది జిల్లాలకు వర్తిస్తుంది. రొమేనియా వైపు సాతు మారే, బిహోర్, ఆరద్, తిమిష్. హంగరీ వైపు సబోల్చ్-సత్మార్-బెరెగ్, హాయ్దూ-బిహార్, బేకేష్, చోంగ్రాద్-చనాద్. ఉమ్మడి సచివాలయం ఒరాద్యాలో ఉంది. దరఖాస్తు ఇంగ్లీషులో నింపాలి. ట్రాన్సిల్వేనియా లోపలి జిల్లాల్లో పనిచేసే సంస్థలు ఈ జాబితాను చూడకుండానే నెలల తరబడి తయారవుతుంటాయి. క్లూజ్ ఇందులో లేదు.

కట్టడం మీద పని ఉంటే దాని యజమాని భాగస్వామిగా ఉండి తీరాలి. చర్చి విషయంలో స్థానిక సంఘం సంతకం ఒక్కటే సరిపోదు. రిఫార్మ్డ్ (కాల్విన్ బాట ప్రొటెస్టెంట్లు), కాథలిక్, ఆర్థడాక్స్ ఏదైనా సరే, పైనున్న డయోసిస్ (చర్చి ప్రాంతీయ పరిపాలన) సమ్మతి లిఖితంగా కావాలి. అది సమావేశం జరిగినప్పుడే వస్తుంది కాబట్టి వాళ్ల సమావేశ తేదీలు ముందే కనుక్కోండి.

ప్రధాన భాగస్వామి ఒక్కరే ఉంటారు. డబ్బు వాళ్ల ద్వారానే వస్తుంది, బాధ్యత కూడా వాళ్ల మీదే పడుతుంది. పెద్ద మునిసిపాలిటీ అయితే మంచిదని అందరూ అనుకుంటారు. చిన్న మ్యూజియమే ముందు నడిచిన ప్రాజెక్టులు తరచూ సాఫీగా సాగుతాయి, ఎందుకంటే అక్కడ సంతకం పెట్టే మనిషి, పని తెలిసిన మనిషి ఒకరే. కాకపోతే ఖర్చు ముందు పెట్టి తర్వాత రాబట్టుకునే పద్ధతి ఇది. నాలుగైదు నెలల ఖర్చు భరించే శక్తి లేని సంఘం ప్రధాన భాగస్వామి కాకపోవడమే మేలు.

ఒప్పందంలో ఈ మూడు వాక్యాలు విడిగా ఉండాలి: ఒక భాగస్వామి ఖర్చును తనిఖీలో తిరస్కరిస్తే ఆ నష్టం ఎవరిది, ఉమ్మడిగా తీసిన ఫొటోలు, కొలతలు, రికార్డింగుల హక్కు ఎవరిది, పని పూర్తయ్యాక నిర్వహణ ఖర్చు ఎవరిది. నమూనా ఒప్పందాల్లో మొదటిది ఉంటుంది, మిగతా రెండూ మీరు రాసుకోవాలి.

ఇంకో చిన్న విషయం. రొమేనియా గడియారం హంగరీ కంటే ఒక గంట ముందు. ఆహ్వానంలో «10 గంటలకు» అని మాత్రమే రాస్తే సగం మంది గంట ఆలస్యంగా వస్తారు. ఎవరి 10 గంటలో రాయండి. మార్చి 15, జూన్ 4, ఆగస్టు 20, అక్టోబరు 23, డిసెంబరు 1 తేదీల్లో ప్రారంభోత్సవాలు పెట్టకండి. ఇవి ఒక దేశంలో పండుగలో జ్ఞాపక దినాలో, వీటిలో కొన్ని అవతలి వాళ్లకు గుచ్చుకుంటాయి. ఈస్టర్ కూడా ఆర్థడాక్స్ వాళ్లకూ మిగతావాళ్లకూ చాలా ఏళ్లు వేరు వేరు ఆదివారాల్లో వస్తుంది.

భూమి పుస్తకం

రొమేనియాలోని ఈ జిల్లాలు ఒకప్పుడు ఆస్ట్రియా–హంగరీ భూ నమోదు పద్ధతిలో ఉండేవి. అందుకే యాజమాన్యం «కార్తే ఫున్చ్యారా» అనే భూమి పుస్తకంలో కనిపిస్తుంది. తాజా నకలు తీసుకుని నాలుగు సంగతులు చూడండి: యజమాని పేరు, విస్తీర్ణం, స్థలం మీది భారాలు (తాకట్ల లాంటివి), కట్టడం అసలు నమోదై ఉందా లేదా అన్నది. పాత చర్చి దగ్గర ఈ నాలుగోదే తరచూ దొరకదు. స్థలం ఉంటుంది కానీ దాని మీద కట్టడం ఉన్నట్టు కాగితంలో ఉండదు. అప్పుడు సర్వేయరు చేత కొత్తగా కొలిపించి నమోదు చేయించాలి. అది అయ్యేదాకా అనుమతి అడగడానికి వీల్లేదు.

పాత పేజీలు హంగేరియన్‌లో ఉంటాయి, విస్తీర్ణం చదరపు ఓల్ అనే పాత కొలతలో రాసి ఉంటుంది. ఒక చదరపు ఓల్ అంటే సుమారు 3.6 చదరపు మీటర్లు. 1600 చదరపు ఓల్‌లు ఒక కాదస్త్రల్ హోల్ద్, అంటే సుమారు 5755 చదరపు మీటర్లు. పేజీలో 420 అని ఉంటే అది 420 చదరపు మీటర్లు కాదు, దాదాపు 1510. ఈ లెక్క తప్పిన ప్రాజెక్టులో కంచె పక్కవాడి తోటలో పడుతుంది.

హంగరీ వైపు «తులైదోని లప్» అనే యాజమాన్య పత్రం ఇదే పని చేస్తుంది. అక్కడ చిక్కు తక్కువ.

ఇక కట్టడాలను కొలిచి గీసిన పాత చిత్రాలు. 1918కి ముందు హంగరీ కట్టడాల సంఘం కొలిపించిన చర్చిల్లో చాలా ఇప్పుడు రొమేనియాలో ఉన్నాయి, వాటి చిత్రాలు బుడాపెస్ట్‌లోని ప్లాన్ల భాండారంలో ఉన్నాయి. రొమేనియా జాతీయ ఆర్కైవ్స్ జిల్లా శాఖల్లో చర్చి సంఘాల, ఎస్టేట్ల కాగితాలు దొరుకుతాయి. వెతికే పనిని రెండు దేశాల భాగస్వాములూ పంచుకుంటే ఎవరి భాష వాళ్లు చదువుకుంటారు. ఉమ్మడి పని మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

అనుమతులు: రెండు దేశాలు, రెండు దారులు

రొమేనియాలో చారిత్రక కట్టడాలకు 422/2001 చట్టం వర్తిస్తుంది. ముందు మీ కట్టడం చారిత్రక కట్టడాల జాబితాలో ఉందో లేదో చూసి దాని సంకేతం రాసుకోండి. ఆ సంకేతంలో జిల్లా గుర్తు, రోమన్ అంకె (వాస్తు కట్టడమైతే రెండు), రకం, ఆ తర్వాత ఏ లేక బి అక్షరం ఉంటాయి. ఏ అంటే జాతీయ, ప్రపంచ స్థాయి విలువ ఉన్నది, అనుమతి సంస్కృతి మంత్రిత్వ శాఖ నుంచి రావాలి. బి అంటే స్థానిక విలువ ఉన్నది, దాన్ని జిల్లా సంస్కృతి డైరెక్టరేట్ చూస్తుంది. కట్టడం జాబితాలో లేకపోయినా నిశ్చింతగా ఉండకండి. పక్కనున్న కట్టడం రక్షణ వలయంలో పడవచ్చు. ప్రత్యేకంగా హద్దులు గీయని చోట ఆ వలయం పట్టణాల్లో 100 మీటర్లు, పల్లెల్లో 200, ఊరి బయట 500.

వరుస ఇలా ఉంటుంది: మొదట మేయరు కార్యాలయం నుంచి పట్టణ ప్రణాళిక ధ్రువపత్రం («సెర్తిఫికాత్ దె ఉర్బానిజ్మ్»), దానిలో అడిగిన సమ్మతులు, సంస్కృతి శాఖ ఆమోదం («అవిజ్»), చివరికి 50/1991 చట్టం కింద నిర్మాణ అనుమతి. డిజైను చేసేవాళ్లు, పని పర్యవేక్షించేవాళ్లు సంస్కృతి శాఖ గుర్తింపు పొందిన నిపుణులై ఉండాలి. హంగరీ నుంచి వచ్చే పేరున్న పునరుద్ధరణ నిపుణుడికి ఆ గుర్తింపు రొమేనియాలో తనంతట తాను రాదు. ఈ సంగతి ఒప్పందం రాసుకున్నాక తెలిస్తే బడ్జెట్ మారిపోతుంది.

హంగరీలో 2001 నాటి 64వ చట్టంతో పాటు 2023 నాటి 100వ చట్టాన్ని, అంటే నిర్మాణ కళ చట్టాన్ని, చూసుకోవాలి. అది 2024 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. అంతకు ముందు తయారైన చెక్‌లిస్టులు మీ దగ్గర ఉంటే పక్కన పెట్టండి. దరఖాస్తు జిల్లా ప్రభుత్వ కార్యాలయంలోని వారసత్వ విభాగానికి వెళ్తుంది.

రెండు వైపులా ఒకే తప్పు జరుగుతుంది: నీళ్లు పోయేందుకు చర్చి చుట్టూ కాలువ తవ్వడం. మధ్యయుగ చర్చి ఆవరణ అంటే పాత శ్మశానం. 40 సెంటీమీటర్ల లోతుకే ఎముకలు రావచ్చు. పురావస్తు నిపుణుడి పర్యవేక్షణను అనుమతిలోనూ బడ్జెట్‌లోనూ ముందే పెట్టుకోకపోతే పని అక్కడే ఆగిపోతుంది.

కొలతల నుంచి నిర్మాణ అనుమతి దాకా ఒక ఏడాది వదిలేయండి. అనుమతి చేతికి రాకముందే నిధుల గడియారం మొదలైతే, చివరి ఆరు నెలల్లో చలికాలంలో సున్నం పూత వేయాల్సి వస్తుంది. సున్నం ఎందుకు ముఖ్యమో ఇప్పుడు చూద్దాం.

గోడ దగ్గర నిలబడి చూస్తే

ఈ ప్రాంతపు ఇటుక చర్చిల్లో ఎక్కువగా కనిపించే జబ్బు ఒకటే. ఎవరో ఎప్పుడో గోడ అడుగున ఒక మీటరు ఎత్తు వరకు సిమెంటు పూశారు, చుట్టూ కాంక్రీటు నడవ వేశారు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కానీ నేలలోంచి ఎక్కే తేమకు ఆవిరయ్యే దారి పోయింది. అది సిమెంటు వెనకాలే పైకి పాకి, పూత ఆగిన చోట బయటికి వస్తుంది. నీరు ఆరిపోతుంది, దానితో వచ్చిన లవణాలు ఇటుకలోనే గట్టిపడి ఉబ్బుతాయి. సిమెంటు గీతకు సరిగ్గా పైన తెల్లటి బూజులాంటి పట్టీ, పిండిలా రాలే ఇటుక కనిపిస్తే జబ్బు ఇదేనని తెలుసుకోవచ్చు. ఆ ఎత్తులో లోపలి గోడ మీద కుడ్యచిత్రం ఉంటే ముందు పోయేది అదే.

వైద్యం కింది నుంచి కాదు, పై నుంచి మొదలుపెట్టాలి. ముందు పైకప్పు, చూరు, నీటి తూములు. ఆ తర్వాత గోడ చుట్టూ కాంక్రీటు తీసి నేలను బయటికి వాలేలా చేయడం. ఆ తర్వాత సిమెంటు పూత తీయడం. తీశాక వెంటనే కొత్త పూత వేయకండి, కనీసం ఒక వేసవి గోడను అలా ఆరనివ్వండి. కాంట్రాక్టరు ఎప్పుడూ ఇక్కడే తొందరపెడతాడు.

కొత్త పూతకు కనీసం మూడు నెలలు నానిన సున్నపు ముద్ద ఒక వంతు, గరుకైన కడిగిన ఇసుక రెండున్నర నుంచి మూడు వంతులు. ఒక్కో పొర 10–15 మిల్లీమీటర్లు మించకూడదు, ఒక పొర గట్టిపడ్డాకే రెండోది. మొదటి కొన్ని రోజులు గోనెపట్టా కట్టి తడిగా ఉంచాలి. గాలి తగిలి సున్నం మెల్లగా గట్టిపడుతుంది. ఎండకు ఒక్కసారిగా ఆరితే పగుళ్లు వస్తాయి. 5 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు పనిచేయకూడదు. ఇక్కడ అక్టోబరు చివరికి రాత్రి మంచు పడుతుంది కాబట్టి బయటి పూత సెప్టెంబరు నెలాఖరుకు అయిపోవాలి. సగం గట్టిపడ్డ సున్నంలో నీరు గడ్డకడితే వసంతంలో గోడ మొత్తం పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది.

లోపలి గోడల మీది పాత వెల్లను గీకే ముందు ఆగండి. మతసంస్కరణ తర్వాత రిఫార్మ్డ్ చర్చిల్లో బొమ్మల మీద వెల్ల వేసిన చోట్లు చాలా ఉన్నాయి. కుడ్యచిత్ర నిపుణుడు అరచేయంత చదరాలు అక్కడక్కడా తెరిచి చూసేదాకా ఎవరి చేతిలోనూ గీకుడు కత్తి ఉండకూడదు.

రొమేనియాలో అత్యవసరంగా పైకప్పు కప్పాల్సిన చిన్న కట్టడాలకు «అంబులాన్సా పెంత్రు మోనుమెంతె» అనే స్వచ్ఛంద ఉద్యమం ఉంది. కార్యకర్తలు, పనివాళ్లు సామగ్రితో వచ్చి తాత్కాలిక రక్షణ పనులు చేస్తారు. పెద్ద నిధి వచ్చేలోపు కట్టడం కూలకుండా ఆపడానికి ఇదో దారి.

డబ్బు లెక్క

ఇంటర్‌రెగ్‌లో ఐరోపా నిధి వాటా కార్యక్రమం స్థాయిలో 80 శాతం దాటదు. మిగతాది దేశపు బడ్జెట్, భాగస్వామి సొంత వాటా. ఆ రెండింటి నిష్పత్తి రెండు దేశాల్లోనూ ఒకలా ఉండనక్కర్లేదు, ఆ విడత మార్గదర్శకాల్లో చూడాలి.

మొత్తం ఖర్చు 2 లక్షల యూరోల లోపు ఉంటే సరళ లెక్కలు, అంటే కొన్ని ఖర్చులను బిల్లుల బదులు నిర్ణీత శాతాలతో వేయడం, తప్పనిసరి. నియమావళి ఇచ్చే గరిష్ఠ శాతాలతో ఒక లెక్క వేద్దాం. నిపుణుల సేవలు, పరికరాలు, మరమ్మతులు కలిపి 1,00,000 యూరోలు అనుకోండి. సిబ్బందికి దానిలో 20 శాతం, అంటే 20,000. కార్యాలయ ఖర్చు సిబ్బంది ఖర్చులో 15 శాతం: 3,000. ప్రయాణాలు మరో 15 శాతం: 3,000. మొత్తం 1,26,000, అందులో 80 శాతం 1,00,800. మిగిలిన 25,200 ఎక్కడి నుంచి వస్తాయో దరఖాస్తుకు ముందే కాగితం మీద ఉండాలి. ఈ పద్ధతిలో జీతాల చీటీలు, బస్సు టికెట్లు చూపించనక్కర్లేదు. అసలు లాభం అదే. ఒక చిక్కు కూడా ఉంది: అసలు లక్షలో 10,000 తిరస్కరిస్తే సిబ్బంది, కార్యాలయం, ప్రయాణం మూడూ దామాషాలో తగ్గిపోయి, దెబ్బ 12,600 అవుతుంది.

వ్యాట్ హంగరీలో 27 శాతం, రొమేనియాలో 2025 ఆగస్టు 1 నుంచి 21 శాతం. 50 లక్షల యూరోల లోపు ప్రాజెక్టుల్లో ఐరోపా నియమం ప్రకారం వ్యాట్‌ను ఖర్చులో చూపవచ్చు. పాత ధరల కోట్ మీద పాత వ్యాట్‌తో బడ్జెట్ వేస్తే ఆ తేడా మీ జేబులోంచే. హంగరీ ఫోరింట్లు, రొమేనియా లేయ్‌లను యూరోల్లోకి మార్చేటప్పుడు ఖర్చు పెట్టిన రోజు రేటు లెక్కలోకి రాదు. ఖర్చును తనిఖీకి సమర్పించిన నెలలో ఐరోపా కమిషన్ రేటు వర్తిస్తుంది. ఫోరింటు పడే రోజుల్లో బిల్లును ఆరు నెలలు దగ్గర పెట్టుకోవడం ఖరీదైన బద్ధకం.

ఇతర దారులూ ఉన్నాయి. ఐరోపా సమాఖ్య సంస్కృతి కార్యక్రమమైన క్రియేటివ్ యూరప్ చిన్న సహకార ప్రాజెక్టులకు 2 లక్షల యూరోల వరకు, ఖర్చులో 80 శాతం మించకుండా ఇస్తుంది. కానీ దానికి మూడు దేశాల సంస్థలు కావాలి. రొమేనియా, సెర్బియా, హంగరీల మధ్య పంచుకుపోయిన బనాత్ ప్రాంతం విషయమైతే సెర్బియా సహజంగానే మూడోది. రొమేనియా జాతీయ సాంస్కృతిక నిధి, హంగరీ జాతీయ సాంస్కృతిక నిధి ప్రదర్శనలకూ ప్రచురణలకూ పనికొస్తాయి. హంగరీ బయటి హంగేరియన్ కట్టడాల కోసం రోమెర్ ఫ్లోరిష్ ప్రణాళిక ఉంది, దాన్ని తెలెకి లాస్లో ఫౌండేషన్ నడుపుతుంది. ఒకే పైకప్పుకు రెండు చోట్ల డబ్బు తీసుకోవచ్చు కానీ ఒకే బిల్లును రెండు చోట్ల చూపకూడదు. పైకప్పును భాగాలుగా విడదీసి, ఏ భాగం ఏ నిధిదో ప్లాను మీద రంగులతో గీసి ఉంచండి.

వస్తువులు సరిహద్దు దాటేటప్పుడు

2025 జనవరి 1 నుంచి రొమేనియా భూ సరిహద్దుల్లోనూ షెంగెన్‌లో (సరిహద్దు తనిఖీలు లేని ఐరోపా ప్రాంతంలో) ఉంది. అందుకని మ్యూజియం వస్తువును కారులో వేసుకుని వెళ్లొచ్చనుకుంటే పొరపాటు. మనుషుల తనిఖీ పోయింది, సాంస్కృతిక వస్తువుల చట్టం పోలేదు. రొమేనియాలో 182/2000 చట్టం కింద రెండు వర్గాలుగా («తెజౌర్», «ఫోంద్») నమోదైన వస్తువులు తాత్కాలికంగా బయటికి వెళ్లాలన్నా ధ్రువపత్రం కావాలి. హంగరీలో రక్షిత వస్తువులకే కాక, 50 ఏళ్లు దాటిన సాంస్కృతిక వస్తువులకూ అనుమతి వర్తిస్తుంది. ఆరు నెలల ముందు మొదలుపెట్టండి.

ప్రతి వస్తువుకూ స్థితి నివేదిక ఫొటోలతో ఉండాలి. పెట్టెలో పెట్టేముందు ఒకటి, తెరిచాక ఒకటి, రెండింటి మీదా ఇద్దరు సంరక్షకుల సంతకాలు. బీమా మేకు మీంచి దింపినప్పటి నుంచి తిరిగి అదే మేకుకు తగిలించేదాకా ఉండాలి. పెట్టె వచ్చాక 24 గంటలు మూసే ఉంచి గది ఉష్ణోగ్రతకు అలవాటు పడనివ్వాలి. కుట్టుపని, కాగితం ఉన్న చోట వెలుతురు 50 లక్స్ (కాంతి కొలమానం) దాటకూడదు.

బోర్డు మీది వాక్యాలు

గొడవలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. ప్రతి ఊరికీ రెండు పేర్లున్నాయి: ఒరాద్యా/నాజ్‌వారద్, తిమిష్వారా/తెమెష్‌వార్, కారేయ్/నాజ్‌కారోయ్, జూలా/జ్యులా. బోర్డు నిలబడిన దేశపు అధికారిక పేరు ముందు, రెండోది పక్కనే అదే అక్షరాల పరిమాణంలో అన్న నియమాన్ని ఒప్పందానికే జత చేయండి. మనుషుల పేర్లకూ ఒక నియమం కావాలి. హంగేరియన్‌లో ఇంటిపేరు ముందొస్తుంది, రొమేనియన్‌లో తర్వాత. ఒకే బోర్డు మీద ఒకే మనిషి ఇద్దరిలా కనిపించకూడదు.

అక్షరాల ఫాంటు చూసే తీరాలి. రొమేనియన్‌లో ఎస్, టి కింద విడిగా కామా ఉంటుంది, అక్షరానికి అతుక్కున్న కొక్కెం లాంటి సెడిల్లా కాదు. హంగేరియన్‌లో ఓ, యు మీద రెండు ఏటవాలు గీతలుంటాయి. ఫాంటులో అవి లేకపోతే అలల గుర్తో టోపీ గుర్తో వచ్చి కూర్చుంటుంది. లోహపు పలక చెక్కించాక ఇది కనిపిస్తే పలక మళ్లీ చేయించడం తప్ప దారి లేదు. అసలు సైజులో ముద్రించిన నమూనా మీద రెండు భాషలవాళ్లూ అక్షరం అక్షరం చూసి సంతకం పెట్టాకే చెక్కించండి. ఒకటిన్నర మీటరు దూరం నుంచి చదవాలంటే చిన్న అక్షరం 7–8 మిల్లీమీటర్ల ఎత్తుండాలి. మూడు భాషలంటే ఒక్కో భాషకు 100–120 మాటలు మించవు.

చరిత్ర రాసేటప్పుడు అనువాదంతో మొదలుపెట్టకండి. ఒక భాషలో రాసి రెండోదాంట్లోకి మారిస్తే రెండోవాళ్లు అతిథుల్లా మిగిలిపోతారు. తేదీలు, పేర్లు, కట్టించినవాళ్లు, కూలగొట్టినవాళ్లు అన్న పట్టికను ఇద్దరు చరిత్రకారులు కలిసి తయారు చేయాలి, ఆ పట్టిక నుంచి ఎవరి భాషలో వాళ్లు రాయాలి. «విముక్తి», «కోల్పోవడం» లాంటి మాటలు ఒక వైపు మామూలు మాటలు, అవతలి వైపు గాయాలు. «1918 వరకు హంగరీ రాజ్యంలో», «1920 ఒప్పందం తర్వాత రొమేనియాలో» అంటే విషయం పూర్తిగా చేరుతుంది.

అసలు ఒప్పుకోలేని చోట రెండు జ్ఞాపకాలనూ పక్కపక్కన నిలబెట్టడమే దారి. ఆరద్‌లో అదే చేశారు. 1849 అక్టోబరు 6న ఉరి, తుపాకీ శిక్షలు పొందిన 13 మంది హంగరీ విప్లవ సేనానుల జ్ఞాపకంగా ద్యోర్జ్ జాలా చెక్కిన స్వేచ్ఛా విగ్రహాన్ని 1890లో పెట్టి, 1925లో తొలగించారు. 2004లో అది మళ్లీ నిలబడింది, ఎదురుగా రొమేనియన్ విజయ తోరణంతో కలిపి ఆ చోటుకు సయోధ్య ఉద్యానవనం అని పేరు పెట్టారు. ఎవరి కథా ఎవరూ చెరపలేదు.

లక్ష యూరోలు దాటిన నిర్మాణ పనికి ఐరోపా సమాఖ్య చిహ్నంతో శాశ్వత ఫలకం తప్పనిసరి; మరిస్తే సాయంలో 2 శాతం వరకు కోత పడవచ్చు. ఆ ఫలకాన్ని చారిత్రక గోడకు మేకులు కొట్టి తగిలించడానికి మళ్లీ వారసత్వ అనుమతి కావాలి. విడిగా ఒక స్తంభం మీద పెడితే ఆ తలనొప్పి ఉండదు.

పాట, వాద్యం, నాట్యం

ఇక్కడ గోడల కంటే పని తేలిక, పంచుకునేది ఎక్కువ. బిహోర్ రొమేనియన్ పాటలను బార్తోక్ 1909 నుంచి సేకరించాడు. అవి 1913లో బుకారెస్ట్‌లో పుస్తకంగా వచ్చాయి. హంగరీలోని మేహ్‌కెరేక్ గ్రామపు రొమేనియన్ నాట్యాలను బుడాపెస్ట్ నాట్యగృహాల్లో హంగేరియన్లు ఆడతారు. బుడాపెస్ట్‌లో 1890ల్లో వాద్యాల తయారీదారు షుందా కొత్త రూపమిచ్చిన ఊదే వాద్యం తారొగాతో బనాత్‌లో తారగోత్ అయ్యి రొమేనియన్ వాద్యంగా స్థిరపడింది. దీనికి యజమాని ఎవరని అడిగితే జగడం, ఎవరెవరు వాయించారని అడిగితే ప్రాజెక్టు.

రికార్డు చేసేటప్పుడు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ కంటే తక్కువ వద్దు, కుదించని ఫైలే ఉంచండి. పాడే మనిషి సమ్మతిపత్రం ఆ మనిషి చదవగలిగే భాషలో ఉండాలి. పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ సందర్భంలో పాడతారు అన్నవి పాట అయిన వెంటనే అడగండి, తర్వాత ఫోన్‌లో అడిగితే రావు. ఒక ప్రతి రొమేనియాలో, ఒకటి హంగరీలో భద్రపరచాలి.

యునెస్కో ఉమ్మడి నమోదు గురించి అడిగేవాళ్లకు: ముందు ఆ అంశం రెండు దేశాల జాతీయ జాబితాల్లోనూ ఉండాలి. దరఖాస్తు గడువు ఏటా మార్చి 31, పరిశీలన మరుసటి ఏడాది చివర్లో జరుగుతుంది. హంగరీ నాట్యగృహ పద్ధతి 2011లో మంచి సంరక్షణ పద్ధతుల జాబితాకెక్కింది, రొమేనియా యువకుల నాట్యాలు 2015లో నమోదయ్యాయి. ఆ నాట్యాలను రొమేనియన్లతో పాటు హంగేరియన్లు, రోమాలు కూడా ఆడతారు. కొత్త దరఖాస్తుకు ముందు ఈ రెండు ఫైళ్లనూ పక్కన పెట్టుకుని చదవండి.

బిల్లులు అయిపోయాక

నిర్మాణ పెట్టుబడి ఉన్న ప్రాజెక్టులో చివరి చెల్లింపు తర్వాత ఐదేళ్లు కట్టడం వాడకం మారకూడదు, యాజమాన్యం చేతులు మారి ఎవరికీ అనుచిత లాభం చేకూరకూడదు. ఆ ఐదేళ్లకు ఒక సన్నటి పుస్తకం పెట్టండి. తూములు ఏటా రెండుసార్లు, ఏప్రిల్‌లో ఒకసారి, ఆకులు రాలాక నవంబరులో ఒకసారి శుభ్రం చేసిన తేదీ, చేసిన మనిషి పేరు, తూము కింద తీసిన గోడ ఫొటో. తాళంచెవి దొరికే ఇంటి గుర్తు ఆ ఊరి రెండు భాషల్లోనూ తలుపు మీద రాసి ఉండాలి. రెండో తాళంచెవి సరిహద్దు అవతలి భాగస్వామి దగ్గర ఉండనివ్వండి. ఏటా ఒకసారి వాళ్లు వచ్చి ఆ పుస్తకం చూసి సంతకం పెట్టి వెళ్లడాన్ని ఒప్పందంలోనే రాసుకోండి.